రెండు వందల అక్షరాల అర్జీ

మా నాయన ముప్పై ఏళ్లకు పైగా నంద్యాలలో అర్జీలు రాశాడు. తాలూకాఫీసు ప్రహరీ పక్కన ఒక మడత కుర్చీ, ముందు చెక్కపెట్టె, దాని మీద అట్ట, తెల్లకాగితాలు. అంతే ఆయన దుకాణం. ఆళ్లగడ్డలో కాపురం ఉంటూ రోజూ పొద్దున బస్సుకు వెళ్లి సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేవాడు. పాసుపుస్తకంలో తప్పు కానీ, దారి తగాదా కానీ, మనిషి చెప్పేదంతా చివరిదాకా విని రాసేవాడు. రాసింది చదివి వినిపించాక ఆ మనిషి "అవునప్పా, నేను చెప్పాలనుకుంది ఇదే" అంటేనే సంతకం పెట్టించేవాడు.

నేను డిగ్రీ అయ్యాక ఆళ్లగడ్డలోనే, బస్టాండుకు దగ్గర్లో ఒక గది తీసుకుని ఆన్‌లైన్ సేవల కేంద్రం పెట్టాను. ఎవరో వాడి అమ్మేసిన కంప్యూటరు, ప్రింటరు, వేలిముద్ర తీసుకునే చిన్న యంత్రం, చవకరకం టాబ్లెట్ ఒకటి. పక్కనే రాతి విగ్రహాలు చెక్కే షెడ్డు. పగలంతా ఉలి చప్పుడు వినపడేది, రాతిపొడి వచ్చి అన్నిటి మీదా పడేది. ఆ కొద్ది సామానుతోనే ఆదాయ, కుల ధ్రువపత్రాలు, బియ్యం కార్డులు, పొలం కాగితాలు అన్నీ అయ్యేవి. ఒకప్పుడు వీటిలో కొన్నిటి కోసం జనం నంద్యాలకు రెండు మూడుసార్లు తిరిగేవాళ్లు.

నా పని పెరిగేకొద్దీ నాయన పని తగ్గింది. ఈ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆయన సంచిలో కాగితాల కట్ట పొద్దున ఎంత ఉందో సాయంత్రమూ అంతే ఉండేది. అమ్మ అది చూస్తూనే ఉండేది. కేంద్రం పెట్టి ఏడాది దాటినా ఆయన లోపలికి రాలేదు. బస్సు దిగి, గది ముందు నుంచే నడిచి ఇంటికి పోయేవాడు.

ఒకరోజు నంద్యాలలో ఏదో బంద్ అని అటు బస్సులు నడవలేదు. ఆయన బస్టాండులో చాలాసేపు నిలబడి, చివరికి వచ్చి నా గదిలో తలుపు దగ్గర బల్ల మీద కూర్చున్నాడు. అదే రోజు ఒక చెంచు అవ్వ నా దగ్గరికి నాలుగోసారి వచ్చింది.

అవ్వది నల్లమల అంచున, అహోబిలం దారి నుంచి లోపలికి ఉన్న గూడెం. భర్త పోయాడు, పిల్లలు లేరు. కార్డులో ఉన్నది ఆమె ఒక్కతే. నాలుగు నెలలుగా బియ్యం రావడం లేదు. డీలరు దగ్గర యంత్రం మీద వేలు పెడితే కార్డే లేదని చూపిస్తోంది. నేను కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టాను. తిరిగొచ్చింది. మళ్లీ పెట్టాను. మూడుసార్లూ "అర్హత లేదు" అన్న ఒక్క ముక్కే జవాబు.

"ఈసారీ రాల్యా అవ్వా," అన్నాను. "ఇంకోసారి పెడతా."

"పెట్టు తల్లీ," అని ఆమె లేవబోయింది.

"కూర్చోమ్మా," అన్నాడు నాయన. "బియ్యం ఎప్పటి నుంచి రాల్యా?"

"మా అక్క సచ్చిపోయినంక."

"ఏ అక్క?"

"తోడబుట్టింది గాదప్పా. మా ఆయన అన్న పెండ్లాం. కొడుకింట్లో ఉండేది."

నాయన బల్లను కొంచెం ముందుకు జరుపుకున్నాడు. "ఆయమ్మ పేరేంది?"

"నా పేరే. గూడెంలో ఆమెను పెద్దామె అంటారు, నన్ను చిన్నామె అంటారు. కాగితంలో ఇద్దరికీ ఒకటే పేరు."

"ఆయమ్మ కొడుకింటికి బియ్యం వస్తాండాయా?"

"వస్తాండాయి. ఆమె వంతు కూడా వస్తాంది."

నాయన నా వైపు తిరిగాడు. "నువ్వు ఈయమ్మకు బియ్యం కార్డు అడుగుతాండావు. రాతల్లో ఈయమ్మను చంపేసినారు. ముందు బతికించల్ల."

అవ్వకు అది అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అయితే నేను సచ్చిపోయినానా అప్పా?"

"కాగితంలో."

"పెద్దామె బతికే ఉందా?"

"కాగితంలో ఉంది."

"ఆమె మొదటి నుంచీ గట్టిదే," అంది అవ్వ.

పేరు చూసి ఆఫీసులో ఎవరో పెద్దామె బదులు చిన్నామెను తీసేశారు. అంతకు మించి ఏమీ లేదు. నేను మూడుసార్లు ఆమె ఆధార్ నంబరు కొట్టాను, మూడుసార్లు వేలిముద్ర తీసుకున్నాను. బియ్యం ఆగిన నెలలో ఇంకేం జరిగిందని ఒక్కసారీ అడగలేదు. అడగమని ఏ గడిలోనూ లేదు.

ఫిర్యాదు పెట్టే పేజీ తెరిచాను. వివరం రాసేందుకు అందులో ఒక గడి ఉంటుంది.

"కొట్టు," అన్నాడు నాయన. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "మహారాజశ్రీ తహసీల్దారు గారి దివ్యసముఖమునకు, ఆళ్లగడ్డ మండలము నందలి గూడెం కాపురస్తురాలు, సుమారు అరువది అయిదు సంవత్సరముల వయస్సు గలిగి, భర్త మరణించి, ఒంటరిగా జీవించుచున్న వితంతువు మిక్కిలి వినయముతో చేసుకొను విన్నపము ఏమనగా..."

అక్కడికి కాస్త ముందే అక్షరాలు పడటం ఆగిపోయింది.

"నిండిపోయింది నాయనా."

"ఏంది నిండిపోయింది?"

"గడి. రెండు వందల అక్షరాలే పడతాయి."

"ఇంగా విషయానికే రాల్యా గదా."

ఆయన సంచిలోంచి ఒక కాగితం తీసుకున్నాడు. రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. అంత చిన్న రాత కోసం ఆయన అంతసేపు కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. మహారాజశ్రీ పోయింది, దివ్యసముఖం పోయింది, వినయం పోయింది. చివరికి కాగితం నా చేతికిచ్చాడు. "నేను బతికి ఉన్నాను. చనిపోయినది నా తోటికోడలు. ఇద్దరి పేరు ఒకటే. పొరపాటున నా కార్డు రద్దయినది. సరిచేయగలరు." అవ్వకు చదివి వినిపించాడు. ఆమె తల ఊపింది.

దానికి పెద్దామె మరణ ధ్రువపత్రం జత చేయాలి. అది ఆమె కొడుకు దగ్గర ఉంది. ఆదివారం నేను స్కూటీ మీద నాయనను వెనక కూర్చోబెట్టుకుని, టాబ్లెట్ ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని గూడేనికి వెళ్లాను. గుంతలు వచ్చినప్పుడల్లా ఆయన "నిదానం" అన్నాడు.

పెద్దామె కొడుకు మేము చెప్పేదంతా నిలబడే విన్నాడు. "ఇది ఇస్తే మా అమ్మ వంతు తెగిపోతాది గదా?" అన్నాడు.

"పోతాది," అన్నాడు నాయన.

"ఈ నాలుగు నెలలూ చిన్నమ్మ మా ఇంట్లోనే తింటాంది. ఆ బియ్యమే వండుతాండాం."

అవ్వ గుడిసె ముందు కూర్చుని వింటోంది. నాయన అతన్ని తొందరపెట్టలేదు. కాసేపటికి అతను లోపలికి వెళ్లి ప్లాస్టిక్ సంచిలోంచి కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. టాబ్లెట్‌తో దానికి ఫోటో తీశాను. తర్వాత అవ్వకు తీశాను. ఆమె కొంగు సర్దుకుని, కళ్లు పెద్దవి చేసి చూసింది. గూడెంలో సిగ్నల్ లేదు. తారురోడ్డు దాకా వచ్చి, అక్కడ స్కూటీ ఆపి పంపించాను. అర్జీ చేరినట్లు నంబరు వచ్చింది. నాయన దాన్ని చేతి మీద పెన్నుతో రాసుకున్నాడు.

పదిహేను రోజులకు ఒక ఉద్యోగి గూడేనికి వెళ్లి అవ్వను చూసి, వేలిముద్ర తీసుకున్నాడు. ఆ తర్వాత కూడా ఒక నెల పట్టింది. కార్డు తిరిగి వచ్చిన సంగతి నేను కంప్యూటర్లో చూశాను. మర్నాడు పొద్దున నాయనకు చెప్పాను. ఆయన టీ తాగుతున్నాడు. "మంచిది" అన్నాడు. ఆ రోజు నంద్యాల బస్సు ఎక్కలేదు. నాతో పాటు కేంద్రానికి వచ్చాడు.

అవ్వ ఆ తర్వాత ఒకసారి వచ్చింది, గూడెంలోని మరొకామెను వెంటబెట్టుకుని. నన్ను దాటుకుని నేరుగా ఆయన దగ్గరికి పోయి, ఎదురుగా కింద కూర్చుని మొదలుపెట్టింది. నేను కంప్యూటరు ముందు ఖాళీగానే ఉన్నాను. అప్పుడు నాకు కొంచెం కష్టంగా అనిపించిన మాట నిజం. గది నాది, అద్దె నాది, చేసే పనీ నాదే. ఆయన అరగంట విని, నా వైపు చూసి, "ఈయమ్మది ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పు. వేరే ఏం లేదు" అన్నాడు. నాకు ఆ అరగంట అనవసరం అనిపించింది. ఆ ఇద్దరికీ అలా అనిపించినట్టు లేదు. పోయేటప్పుడు ఆయనకే చెప్పి పోయారు.

ఇప్పుడు ఆయన వారానికి మూడు రోజులు వస్తాడు. టైపు కొట్టడం నేర్చుకోలేదు, నేర్చుకోమని నేనూ అనలేదు. ఆయన రాని రోజుల్లో నేనే అడుగుతాను, ఏమిటికి కావాల, ఎప్పటి నుంచి, ఇంట్లో ఎవరెవరు అని. ఆయన అడిగినట్టు నాకు రాదు. కొందరు చెబుతారు. కొందరు సగంలోనే విసుక్కుని "బేగా కానీయమ్మా, బస్సుంది" అంటారు. అలాంటప్పుడు దరఖాస్తు నింపి పంపించేస్తాను.