రెండు జవాబుపత్రాలు, ఒకే తప్పు

రిటైరు కావడానికి నాలుగేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో నన్ను ధర్మవరంలోని ఒక డిగ్రీ కళాశాలకు ఇంగ్లీషు లెక్చరర్‌గా బదిలీ చేశారు. కళాశాల పేరు ఇక్కడ అవసరం లేదు, జరిగిన తప్పు నాది. కాపురం హిందూపురంలోనే ఉంచి రోజూ ప్యాసింజర్ రైల్లో వెళ్ళివచ్చేవాణ్ణి. దారిలో పెనుకొండ వస్తుంది. మా ముత్తాత అక్కడ గుర్రం దిగితే కచేరీలో అందరూ లేచి నిలబడేవారని మా నాయన చెప్పేవాడు. నేను పుట్టేసరికి గుర్రమూ లేదు, కచేరీలో మాకు పనీ లేదు. ఎదుటివాళ్ళు లేచి నిలబడాలన్న పట్టుదల మాత్రం మిగిలింది. నేను తరగతిలో అడుగుపెట్టినప్పుడు పిల్లలు లేవడం కాస్త ఆలస్యమైతే బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి వచ్చేవాణ్ణి.

ఆ ఏడాది రెండో సంవత్సరం వాళ్ళకు నేను అంతకుముందు చాలాసార్లు చెప్పిన ఒక పాత ఇంగ్లీషు నవలే పాఠ్యగ్రంథం. ఒక ఇంట్లో పెరిగే అక్కచెల్లెళ్ళ కథ. ఎవరి స్వభావంలోని లోపాన్ని వారు ఎలా దాటుకుని పెద్దవాళ్ళయ్యారన్నది అందులో ముఖ్యం. రెండో అమ్మాయి రచనలు చేస్తుంది. చిన్ననాటి నుంచి తనను ప్రేమించిన పొరుగింటి అబ్బాయిని కాదని, చాలాకాలానికి మరొకరిని చేసుకుంటుంది. ఎందుకు కాదంది అన్నది తరచుగా వచ్చే ప్రశ్న. ఇద్దరిదీ ఒకే రకం కోపం కాబట్టి అని నా నోట్సులో ఉండేది. పిల్లలు అదే రాసేవారు, నేను మార్కులు వేసేవాణ్ణి.

సెమిస్టర్ నడుమ కళాశాలే పెట్టే పరీక్షను మిడ్ అంటారు. పత్రాలు మేమే దిద్దుతాము. ఆ మార్కులు విశ్వవిద్యాలయ పరీక్ష మార్కులకు కలుస్తాయి. ఆ మిడ్‌లో రెండు జవాబులు నా నోట్సుకు భిన్నంగా ఉన్నాయి. రాసినవారు వరలక్ష్మి, శైలజ. ఊళ్ళోని ఒక నేతగాని కూతుళ్ళు. ఇంటర్ అయ్యాక అక్క మూడేళ్ళు చదువు మాని మగ్గం మీద కూర్చుని, చెల్లెలు డిగ్రీకి వచ్చినప్పుడు ఆలస్యంగా తానూ చేరింది. నవలలోని పెద్దక్క పెళ్ళయి వెళ్ళిన రోజున రెండో అమ్మాయి ఆమె కూర్చునే చోట తాను కూర్చుందనీ, ఆ పూట ఒక్క అక్షరం రాయలేదనీ, ఇల్లు ఇంకా విడిపోకూడదనే ఆ అబ్బాయిని కాదందనీ ఇద్దరూ రాశారు. అలా పెద్దక్క చోట కూర్చునే ఘట్టం పుస్తకంలో లేదు. మొదటి నుంచి చివరిదాకా వెతికాను. ఒప్పులు కలిస్తే బట్టీ, తప్పులు కలిస్తే కాపీ అన్నది పత్రాలు దిద్దేవాళ్ళం పాటించే లెక్క.

కాపీ కేసు రాయడానికి ఒక పద్ధతి ఉంది. పరీక్ష రోజున ఎవరు ఏ గదిలో కూర్చున్నారో చూపే సీటింగ్ ప్లాన్ చూడాలి. గదిలో పర్యవేక్షించినవారి మాట తీసుకోవాలి. ఆ తర్వాతే విద్యార్థిని పిలిచి వివరణ అడగాలి. నేను నేరుగా తరగతిలో రెండు పత్రాలూ చదివి వినిపించాను. కాపీ కొట్టేవాళ్ళు కనీసం పుస్తకంలో ఉన్నదాన్ని కొట్టాలన్నాను. వెనక ఎవరో నవ్వారు. మా ఇంట్లో అన్నీ పోయినా పరాయి సొత్తును మాదని చెప్పుకునే బుద్ధి మాత్రం రాలేదని కూడా అన్నాను.

“పుస్తకంలో ఉండాది సార్” అంది శైలజ. చూపించమన్నాను. పుటలు తిప్పింది, దొరకలేదు. అక్క వైపు చూసింది. వరలక్ష్మి లేచింది.

“ఎతకద్దులే శైలూ” అని చెల్లెలితో అని, నా వైపు తిరిగి, “నేనే దాని పేపరు చూసి రాస్తిని సార్. దానికి తెలీదు” అంది.

కాగితం ఇస్తే అదే రాసి ఇచ్చింది. ఒక్కటే అడిగింది. “మా నాయనకు ఉత్తరం పంపద్దండి సార్. చదువయ్యేదాకా పెండ్లి మాట ఎత్తనన్యాడు. కాలేజీలో మాటొస్తే ఇంగ ఆగడు.” తండ్రికి తెలియజేయడం నిబంధనల్లో ఉందని చెప్పాను.

మర్నాడు పరీక్షల విభాగంవారు నేనిచ్చిన కాపీ కేసు రిపోర్టుకు సీటింగ్ ప్లాన్ జతచేయమన్నారు. అప్పుడు చూశాను. శైలజ కింది అంతస్తులో, వరలక్ష్మి పై అంతస్తులో చివరి గదిలో కూర్చున్నారు. ప్రిన్సిపాల్ సంతకానికి ఇంకా రెండు రోజులుంది. రిపోర్టు వెనక్కి తీసుకోవాలంటే పొరపాటు నాదని రాసివ్వాలి, అదే తరగతి ముందు చెప్పాలి. కాపీ కేసులు విచారించే కమిటీలో ఒక జూనియర్ లెక్చరర్, ఇద్దరూ వేరువేరు గదుల్లో ఉన్నారే అన్నాడు. రాతపూర్వకంగా ఒప్పుకుంది కదా అన్నాను. నా వయసు చూసి అతను ఊరుకున్నాడు. వరలక్ష్మికి మిడ్‌లో సున్నా పడింది. ఉత్తరం వెళ్ళింది. ఆమె కళాశాలకు రావడం మానేసింది.

రెండు వారాల తర్వాత వరండాలో శైలజను ఆపి, అక్క ఎందుకు రావడం లేదని అడిగాను. “మా ఇంటికొచ్చి అడగండి సార్” అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వెళ్ళాను. స్టేషన్‌కు పది నిమిషాల నడక. వాళ్ళ అవ్వ రాట్నం దగ్గర కూర్చుని కండెలకు పట్టు చుడుతోంది. నేసేటప్పుడు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంతలోంచి వరలక్ష్మి లేచి నిలబడింది. ఒకరు నా కోసం లేవడం నాకు ఇబ్బందిగా తోచింది అప్పుడే.

“ఏమప్పా, ఆ అక్కసెల్లెండ్ల కత చెప్పే అయివారు నువ్వేనా?” అంది అవ్వ. “కూసో. ఇది సగంలో సదవడం నిలిపేసింది. ఆ రెండోది పెండ్లి చేసుకునిందా లేదా, అదన్నా చెప్పిపో.”

ఏం చదవడమని అడిగాను. పొద్దున పూట చిన్నది నేస్తుంటే పెద్దది పక్కన కూర్చుని నవల చదివి, ఇంట్లో అందరికీ తెలుగులో చెప్పేదట.

“కతలో పెద్దది పెండ్లయి పాయె గదా, ఆయమ్మ కూసునే జాగాలో ఎవురు కూసునిరి అని నేనే అడిగితి” అంది అవ్వ. “మా అక్క పోయినాక మా ఇంట్లో నెల దినాలు ఆ జాగాలో ఎవురమూ కూసోలే. రెండోది కూసునింది, ఆ పూట ఏమీ రాయలేదు అని చెప్పె ఇది.”

వరలక్ష్మి నేల చూస్తూ, “అవ్వ అడిగిందని నేను కల్పిస్తిని సార్. చెప్పి చెప్పి, రాసేటప్పుడు పుస్తకంలోదే అనుకుంటి” అంది.

తప్పు నాదని చెప్పడానికే వెళ్ళాను. మాటలు దారిలోనే కూర్చుకున్నాను. అవ్వ వైపు తిరిగి, రెండో అమ్మాయి పెళ్ళి చేసుకుందనీ, వరుడు వయసులో పెద్దవాడనీ, పేద పంతులనీ చెప్పాను.

“మేలే. కోపమున్న పిల్లకు నిదానస్తుడే కావల్ల” అంది అవ్వ. “మా దానికీ సంబంధం సూసినారు, రొళ్ల ఊరి పక్క. ఇది ఔననదు, కాదనదు.”

వరలక్ష్మి మళ్ళీ గుంతలో కూర్చుంది. మగ్గం చప్పుడు మొదలైంది. నేను వచ్చేశాను.

మార్కులు సరిచేయాలంటే దిద్దినవారే విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టాలి. ఆ కాగితం ఇంటికి తెచ్చుకున్నాను. కారణం అన్న గడిలో ఏం రాయాలో తెలుసు. గడువు తీరేదాకా రాయలేదు. ఆ మాఘంలో వరలక్ష్మికి పెళ్ళయింది. తర్వాత పరీక్ష రాసిందో లేదో నేను కనుక్కోలేదు.

ఒకే తప్పు రెండు పత్రాల్లో కనబడితే అది కాపీ అని తేలినట్టు కాదు. ఇద్దరూ ఒకేచోట విని ఉండవచ్చు. ఒప్పుకోలు చేతికి వస్తే దానివల్ల ఎవరు బయటపడుతున్నారో ముందు చూడాలి. తోబుట్టువు కోసం నష్టాన్ని తనమీద వేసుకోవడమే ఆ నవలలో ఎదుగుదల అని ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. ఒక పిల్ల నా ఎదుట నిలబడి ఆ పని చేస్తే, కింద తేదీ వేసి సంతకం చేయమన్నాను.