ఆమెన్ తర్వాత తాజాకలం

జీవరాజుగారికి తాజాకలం లేకుండా మాట ముగించడం చేతకాదు. ఉత్తరంలో సంతకం కింద మనమంతా రాసే ఆ చివరి ముక్కని ఆయన నోటితో కూడా చెప్పేవారు. మెట్టుగూడ చర్చిలో అందరూ ఆమెన్ అన్నాక ఆయన గొంతు ఒక్కటే వినిపించేది: "తాజాకలం, ప్రభువా! మా అమ్మాయి మేబెల్‌కి రేపు లెక్కల పరీక్ష." పెళ్ళినాడు పాస్టరుగారు అడిగితే "ఒప్పుకుంటున్నాను. తాజాకలం, వెనక కుర్చీలు చాల్లేదు" అన్నారట. ఆయన భార్య డోరాగారు ఇప్పటికీ దెప్పుతారు.

ఆ జబ్బే ఆయనకు అన్నం పెట్టింది. ఎనభై ఆరులో సికింద్రాబాదులో మా కంపెనీ పోస్టులో సరుకులు అమ్మేది. ఇంటింటికీ ఉత్తరం వేస్తే, నచ్చినవాళ్ళు ఆర్డరు కార్డు నింపి పంపేవారు. ఉత్తరం రాసేది ఆయన, టైపు కొట్టేది నేను.

"జనం ముందు తమ పేరు చూసుకుంటారు, తర్వాత తాజాకలం చూస్తారు. మధ్యలోది మన ఓనరుగారు తప్ప ఎవరూ చదవరు" అనేవారు.

నిజమే. కుక్కర్ల ఉత్తరం పదివేల ఇళ్ళకు వెళ్ళిన పదోనాడు గానీ ఓనరు రామ్మోహనరావుగారి కళ్ళు అడుగున పడలేదు.

"తా.క. మీ పాత కుక్కరు విజిల్ వేయకపోతే ముందు రబ్బరు మార్చి చూడండి. అప్పటికీ కాకపోతేనే ఇది కొనండి."

"జీవరాజూ! గోడౌన్ నిండా కుక్కర్లుంటే రబ్బరు మార్చుకోమంటావా?"

"పైన మీరు చెప్పమన్నది చెప్పానండి. అవసరం లేనివాళ్ళ చేత కొనిపించడం నావల్ల కాదు."

"రేపట్నుంచి రానక్కర్లేదు!"

"సరేనండి. తాజాకలం, మీ చొక్కా గుండీ ఊడింది."

ఆయన్ని తీసేసే ఉత్తరం నాచేతే టైపు కొట్టించారు. నాకు ఏడుపు ఆగలేదు. ఓనరుగారు సంతకానికి పెన్ను తీశారో లేదో, ప్యూను తుకారాం మూట మోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"సార్, జెర ఆగుండ్రి! మూటెడు కార్డులొచ్చినయ్!"

పై కార్డు అల్వాల్ నుంచి, కాంతమణిగారిది. గట్టిగా చదివాను: "రబ్బరు మార్చిన, మంచిగ పనిచేస్తుంది. అమ్మేటోళ్ళు నిజం చెప్పుడు గిప్పుడే చూసిన. మా చెల్లె పెండ్లికి రెండు కుక్కర్లు పంపుండ్రి."

రెండోది చదివాను, మూడోది చదివాను. అందరిదీ అదే పాట! వాళ్ళ కుక్కరు బాగైంది, అందుకని అక్కకో, అత్తకో, పక్కింటికో ఒకటి కావాలి. నేనూ తుకారామూ గెంతులేశాం.

ఓనరుగారు చాలాసేపు గుండీ ఊడిన చోట తడుముకున్నారు. తర్వాత ఆ ఉత్తరం నాకిచ్చి, "అడుగున ఒక ముక్క కొట్టు" అన్నారు.

"ఏమనండీ?"

"తా.క. పైన రాసిందంతా ఉత్తదే. రేపు తొమ్మిదింటికి రండి."

మూలన పెన్నులు సర్దుకుంటున్న జీవరాజుగారికి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన తన పేరు చూసుకున్నారు, అడుగు చూశారు, నవ్వుతూ మడిచి జేబులో పెట్టుకున్నారు. మధ్యలోది ఈరోజుకీ చదవలేదు.