గేటు బయట చెవి మిషన్

నా భార్య పోయి ఏడాది కావస్తోంది. ఆమె గురించి ఏదైనా రాయమని బంధువులు అడిగితే చాలా రోజులు ఏమీ తోచలేదు. పెద్ద మాటలు ఆమెకు నప్పవు, వాటి మీద నాకు నమ్మకమూ లేదు. అందుకని ఒక్క రోజు గురించి రాస్తాను. నేను బాయిలర్ ఇంజనీరు లైసెన్సు పరీక్ష రాసిన రోజు.

అప్పుడు మగ్గాల పనికి మన తెలుగువాళ్ళు వలస వెళ్ళే ఉధ్నాలో అద్దెకుండేవాళ్ళం. నేను పల్సానాలో బట్టకు రంగులు వేసే మిల్లులో, బాయిలర్ దగ్గర అసిస్టెంటుని. ఎక్కువగా రాత్రి డ్యూటీయే. ఆమె మా వీధి చివర సాంచెల కార్ఖానాలో, అంటే మరమగ్గాల దగ్గర, దారం కండెలు చుట్టేది. మేం కలుసుకునేది మెట్ల మీదే. ఆమె టిఫిన్ డబ్బాతో దిగుతుంటే నేను ఎక్కేవాణ్ణి. "అన్నం గిన్నెల ఉన్నది, చారు జర వేడి చేసుకో" అనేది. ఆ రోజుకు అదే మా సంసారం.

లైసెన్సు వస్తే ఇక ఎప్పుడూ పగటి డ్యూటీయే ఇస్తామని మిల్లులో చెప్పారు. ఆ మాట ఇంట్లో చెప్పినప్పటి నుంచి ఆమె నన్ను వదల్లేదు.

"జీతం పెరుగుడు తర్వాత సంగతి. రోజూ ఇద్దరం ఒక్కతాన కూసొని అన్నం తినాలె. గంతే" అనేది.

హాల్ టికెట్ వెనక ఉన్న నియమాలన్నీ నాతో బయటికి చదివించింది. ఫోను వద్దు. స్మార్ట్ వాచీ వద్దు. బ్లూటూత్ వస్తువులు వద్దు. సూత్రాలు దాచుకునే రకం కాలిక్యులేటర్ వద్దు, మామూలు సైంటిఫిక్ కాలిక్యులేటర్ అయితే పర్వాలేదు. నేను అన్నాళ్ళూ లెక్కలు ఫోన్లోనే చేసుకునేవాణ్ణి. కాలిక్యులేటర్ కొనడానికి స్టేషన్ దగ్గర దుకాణానికి ఇద్దరం వెళ్ళాం. దుకాణం అతను ఖరీదైనది ఒకటి తీసి, ఇది సమీకరణాలు కూడా దాచుకుంటుందని చూపించాడు.

"మాకు తెలివి తక్కువది కావాలె భాయ్. తెలివి ఎక్కువుంటే లోపలికి రానియ్యరంట" అంది ఆమె హిందీలో. అతను నవ్వి, మామూలుది ఇచ్చాడు.

ఇంత జాగ్రత్తపడ్డాం గాని, నా చెవి మిషన్ సంగతి ఇద్దరికీ తట్టలేదు. సాంచెల మోతలో పెరిగి, బాయిలర్ మోతలో పని చేసి నాకు వినికిడి బాగా తగ్గింది. ఆ మిషన్ చాలా కాలంగా ఉంది. "చెవి పెట్టుకున్నవా?" అని ఆమె, చెప్పులు వేసుకున్నావా అన్నట్టే అడిగేది. బ్లూటూత్ వస్తువులు వద్దు అని చదివి ఫోనూ వాచీ ఇంట్లో పెట్టి వచ్చాం. చెవిలో ఉన్నదాన్ని మేం వస్తువు అనుకోలేదు.

పరీక్ష ఒక కాలేజీలో. తలుపు దగ్గర సూపర్‌వైజర్ కాలిక్యులేటర్ తిప్పి చూసి తిరిగి ఇచ్చాడు. తర్వాత నా చెవి వైపు చూశాడు.

"యే క్యా హై?"

"కాన్ కీ మశీన్, సాబ్."

"ఇందులో బ్లూటూత్ ఉందా?"

ఉంది. ఉందనే చెప్పాను. దరఖాస్తుతో పాటు డాక్టరు సర్టిఫికెట్ పెట్టి ఉంటే అనుమతించేవాళ్ళమనీ, ఇప్పుడు తన చేతిలో లేదనీ అన్నాడు. తీసేసి కూర్చోవచ్చు, లేదా వచ్చేసారి రావచ్చు. రెండు పూటలకీ అదే నియమం. మధ్యాహ్నం మౌఖిక పరీక్ష కూడా ఉంది. ఆయన మర్యాదగానే చెప్పాడు. నియమం మీదా నాకు కోపం లేదు. ఎవరి చెవిలో ఎవరు మాట్లాడుతున్నారో ఆయనకెలా తెలుస్తుంది?

ఆమె గేటు బయటే ఉంది. వెళ్ళి సంగతి చెప్పాను. ముందు నన్ను తిట్టింది, తర్వాత తనను తాను తిట్టుకుంది.

"వచ్చేసారి రాస్తా తీ" అన్నాను.

"వచ్చేసారి అంటే ఎప్పుడు? అప్పటిదాంక మెట్ల మీదనేనా? సాంచెల కాడ ఎవరికి వినబడ్తది? ఎవరన్న మాట్లాడుడు ఆపిన్రా? ఇటు తే."

సాంచెలు నడుస్తుంటే ఒకరి మాట ఒకరికి వినబడదు. పెదాలు చూసే అర్థం చేసుకుంటారు. ఆమె ఆ దగ్గరలోనే జోల్వాలో సాంచెల మధ్య పుట్టి పెరిగింది, అందులో నాకంటే దిట్ట. నలుగురిలో ఉన్నప్పుడు కూడా నన్ను చప్పుడు లేకుండా తిట్టగలిగేది. మిషన్ తీసి ఆమె చేతిలో పెట్టాను. లోకం మూతపడింది. గేటు ఊచల అవతల ఆమె పెదాలు కదిలాయి. ఏమన్నానో చెప్పమని చేత్తో సైగ చేసింది.

"దున్నపోతా అంటున్నవు" అన్నాను.

తలూపింది. మళ్ళీ పెదాలు కదిపింది. "మంచిగనే వినబడ్తున్నది. పో."

పొద్దున రాత పరీక్షలో చెవులతో పెద్దగా పని పడలేదు. పక్క బల్ల దగ్గరి అతను నా సంగతి చూసి, గంట కొట్టినప్పుడల్లా నా బల్ల మీద తట్టాడు. నేను అడగలేదు. అతనెవరో ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం కష్టమైంది. ఎదురుగా ఇద్దరు కూర్చున్నారు. పెద్దాయన మీసం పై పెదవిని పూర్తిగా కప్పేసింది. పైగా తల వంచి కాగితం చూస్తూ అడుగుతున్నారు. మొదటి ప్రశ్న అలాగే పోయింది. ఊరుకుంటే అన్నీ పోతాయి.

"సార్, నాకు వినబడదు. ముఖం నావైపు పెట్టి అడిగితే పెదాలు చూసి జవాబు చెప్తాను" అన్నాను.

నా గొంతు నాకు వినబడదు కనుక అరిచినట్టున్నాను, ప్యూను తలుపు తీసి తొంగిచూశాడు.

రెండో ఆయన నన్ను చూస్తూ అడిగాడు: "మరి బాయిలర్ దగ్గర సేఫ్టీ వాల్వు మోత ఎలా వింటావు?"

"పనిలో మిషన్ పెట్టుకుంటాను సార్. ఇవాళ మీ నియమం తీయించింది."

ఇద్దరూ నవ్వారు. పెద్దాయన కుర్చీని కిటికీ వెలుగులోకి జరుపుకున్నారు. రెండు వేళ్ళతో మీసం పైకి పట్టుకుని మళ్ళీ అడిగారు. "గేజ్ గ్లాసులో నీళ్ళు కనబడకుండా పోతే మొదట ఏం చేస్తావు?"

"మంట ఆపుతాను. నీళ్ళు మాత్రం పెట్టను" అన్నాను. ఎందుకు పెట్టవని అడిగారు. ఎర్రగా కాలిన లోహం మీద నీళ్ళు పడితే ఏమవుతుందో చెప్పాను. మిగతా ప్రశ్నలన్నీ ఆయన అలా మీసం పట్టుకునే అడిగారు. ఆ రెండు వేళ్ళకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఫలితం వచ్చింది, పాసయ్యాను. మిల్లువాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. ఆమె జబ్బు పడేదాకా ప్రతి సాయంత్రం మాదే అయింది. ఆ సాయంత్రాలు తక్కువే అని ఏడ్చిన రోజులున్నాయి. కానీ ఆ గేటు దగ్గర నేను వెనక్కి తిరిగి ఉంటే అవి కూడా ఉండేవి కావు.

పగటి డ్యూటీ మొదటి రోజు ఆమెకంటే ముందు ఇంటికి చేరి అన్నం పొయ్యి మీద పెట్టాను. ఆమె వచ్చి వంకాయ కూర చేసింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె నా కంచంలో రెండోసారి కూర వేసింది.

"ఇగ రోజూ గిట్లనేనా?" అంది.

"రోజూ."

కూర గిన్నెలోకి చూసింది. "అయితే రేపటి సంది కూర ఎక్కువ చెయ్యాలె. నువ్వు బాగ తింటున్నవు."