ట్రాలీ తోక ఊపిన కాలం

మా ట్రాలీ పోయేటప్పుడు తోక ఊపేది, వచ్చేటప్పుడు ఊపేది కాదు. పెళ్లయిన కొత్తలో నా బుర్రను తొలిచిన ప్రశ్న ఇదే. చిన్నప్పటి నుంచీ నాకు ప్రశ్నల జబ్బు ఉంది. అత్తగారింటికి వెళ్తే తగ్గుతుందని మా అవ్వ అనుకుంది కానీ, అక్కడ ముదిరింది.

తెలంగాణ వచ్చాక జడ్చర్ల చుట్టుపక్కల ఎక్కడ చూసినా వెంచర్లే. నిన్న జొన్న ఉన్న చేను ఇవాళ ప్లాట్లయ్యేది. ఆ ప్లాట్ల చుట్టూ హద్దుకు, లారీలో దింపిపోయిన రాతి కడీలు పాతడం మా పని. మా మామకు గుంట భూమి లేదు. చిన్నప్పటి నుంచీ పెద్ద రైతుల దగ్గర జీతం ఉండి, వాళ్ల ఎడ్లబండ్లు తోలి, నడి వయసు దాటాక ఒక పాత ట్రాక్టర్ కొన్నాడు. స్టీరింగ్ పట్టుకుంటే చాలు, వంగిన నడుము నిటారుగా అయ్యేది.

రెండు చక్రాల ట్రాలీకి పైన రేకులు, పక్కలకు పరదాలు కట్టి దాన్నే ఇల్లు చేసుకున్నాం. ముందు సగంలో బట్టల మూటలు, టార్పాలిన్లు. వెనక సగంలో నా పొయ్యి, బియ్యం, తలుపు దగ్గర మా ఆయన బైకు, దాని పక్కన రెండు పెద్ద నీలం డ్రమ్ములు. వెంచర్లలో చుక్క నీళ్లు దొరకవు. అందుకే దారిలో ఏదో ఒక బోరు దగ్గర డ్రమ్ములు నింపుకొని పోయేవాళ్లం.

వంట వెనకనే ఎందుకంటే, కోడలు మామకు దగ్గరగా కూర్చోవడం మా ఇళ్లలో లేదు. కొంగు కప్పుకొని, దూరంగా, మొహం అటు తిప్పి కూర్చోవాలి. మామతో మాటలైనా మా ఆయన ద్వారానే. ఆయన ట్రాక్టర్ మడ్‌గార్డు మీద కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసేవాడు. సగం మాటలు దారిలోనే పారేసేవాడు.

రోడ్డు పల్లానికి దిగే దిగుడు వచ్చిందంటే నేను కూర్చున్న చోటు ఎడమకొకసారి, కుడికొకసారి కొట్టుకునేది. గిన్నెలు దొర్లేవి. మామ టైర్లు మార్పించాడు, ట్రాలీని ట్రాక్టర్‌కు తగిలించే కొండికి కొత్త పిన్ను వేయించాడు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి, ఎవరో చెప్పారని ఒక నిమ్మకాయ కూడా కట్టాడు. "దేవుడేమనుకోడు, నిమ్మకాయనే గదా," అన్నాడు.

ఒకరోజు దిగుడులో ట్రాలీ ఊపు ఎదురుగా వచ్చే ఆటో దాకా పోయింది. వెంట్రుకవాసిలో తప్పింది. ఆ పూట మామ అన్నం కలిపి, తినకుండా చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"బండి మంచిగనే ఉంది కొడుకా. నా చేతులే పోయినయ్. గీ వెంచర్ అయిపోనీ, ట్రాక్టర్ అమ్మేద్దాం. నా చేత్తోటి ఎవల పాణం పోవద్దు."

ఆ స్టీరింగ్ తీసేస్తే ఆ మనిషి దగ్గర ఇంకేం మిగులుతుంది? కానీ నా జబ్బు నన్ను ఊరుకోనివ్వలేదు. చేతులే పోతే, వచ్చేటప్పుడు అవే చేతులు ఎందుకు వణకవు? మనుషులు వాళ్లే, బైకు అదే. దిగుడు పోయేటప్పుడూ ఉంది, వచ్చేటప్పుడూ ఉంది. వచ్చేటప్పుడు లేనివి నీళ్లొక్కటే. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. డ్రమ్ములు నిండుగా ఉన్నప్పుడు పిన్ను తీస్తే ట్రాలీ ముక్కు దానంతటదే పైకి లేచేది.

మర్నాడు జడ్చర్ల దగ్గర చాయ్ తాగడానికి ఆగాం. పక్కన ఒక కంటైనర్ లారీ ఉంది. మా ట్రాలీకి నాలుగింతల పొడవు, అయినా హైవే మీద గీత గీసినట్టు పోతాయవి. మాది మాత్రం ఎందుకు ఊగుతుందని, నేను ఆగలేక డ్రైవర్‌నే అడిగాను.

అతను నవ్వి, ఇంజన్ వెనక చక్రాల మీదున్న గుండ్రటి ఇనుప పళ్లెం చూపించాడు. "కంటైనర్ బరువు గీ పళ్లెం మీదికెల్లి సీదా ఇంజన్ చక్రాల మీదనే పడ్తది చెల్లె. మీది అట్ల గాదు. కొండి వెనక ఏలాడ్తది. బరువంతా తోకకు పెడ్తే కొండి తేలిపోతది. ఇగ ఊపక ఏంజేస్తది?"

మామ చాయ్ గ్లాసు పట్టుకొని ట్రాక్టర్ నీడలో నిలబడి ఉన్నాడు. మా ఆయన కోసం చూశాను, ఎక్కడా కనపడలేదు. చూసి చూసి నేనే వెళ్లి, కొంగు సర్దుకొని మొదటిసారి మామతో నేరుగా మాట్లాడాను.

"మామా, ఎడ్లబండికి వెనక బరువైతే ఏమైతది?"

ఆయన అదిరిపడ్డాడు. కోడలు నోరు తెరిచినందుకో, ప్రశ్నకో తెలియదు. "కాడి లేస్తది. మెడతాడు బిగిసి ఎడ్లు పెనుగులాడ్తయ్. బరువు ముంగటికి జరపాలె," అన్నాడు.

"మన డ్రమ్ములు తోకకున్నయ్ మామా. పొయ్యి, బియ్యం, బైకు, అన్నీ ఆడనే ఉన్నయ్. కొండి తేలిపోతాంది. తప్పు మీ చేతులది గాదు."

ఆయన వెళ్లి కొండి మీద చెయ్యి వేసి కిందికి నొక్కి చూశాడు. ఎన్నో ఏళ్లు బండ్లకు బరువు సర్దిన మనిషి. "ఎడ్లయితే అప్పుడే చెప్పేటివి బిడ్డా. ఇనుము మొత్తుకోదు గద," అన్నాడు.

చాయ్ గ్లాసు కింద పెట్టి తానే ట్రాలీ ఎక్కాడు. మా ఆయన వచ్చేసరికి మూటలు వెనక్కి, డ్రమ్ములు, పొయ్యి ముందుకు చేరాయి. ఇక నేనెక్కడ కూర్చోవాలో తెలియక రోడ్డు మీదే నిలబడ్డాను. మామ అటు తిరిగి, ఎవరితోనో అన్నట్టు అన్నాడు: "పొయ్యి ఏడుంటే మనిషి ఆడుంటది. ఎక్కు."

అలా ఆయన వీపు వెనకాలే కూర్చున్నాను. బోరు దగ్గర డ్రమ్ములు నిండాయి. దిగుడు వచ్చింది. నేను పొయ్యిని గట్టిగా పట్టుకున్నాను. ట్రాలీ తోక ఊపలేదు. దిగుడు దాటి రోడ్డు చదునుగా అయ్యాక, మామ స్టీరింగ్ మీంచి ఎడమ చెయ్యి తీసి, వేళ్లు చాపి, మొహం ముందు కాసేపు పట్టి చూసుకున్నాడు. చెయ్యి వణకలేదు.