కేకల తాత తోట పక్క దారి

ఉత్తరాలమ్మ అంటేనే ఆమె పలికేది. అసలు పేరు సంతకం పెట్టేటప్పుడు తప్ప ఆమెకే గుర్తొచ్చేది కాదు. కొండల మొదట్లో, ద్రాక్షతోటల మధ్య విసిరేసినట్టుండే ఇళ్లకు వయసులో ఉన్నప్పటి నుంచీ సైకిలు మీద ఉత్తరాలు పంచింది. ఉద్యోగం అయిపోయాక ఇంట్లో కూర్చుంటే ఒళ్లు తిమ్మిరెక్కినట్టు ఉండేది. భర్తది రొట్టెల బట్టీ. తెల్లవారకముందే లేచి పిండి పిసికి, మధ్యాహ్నానికల్లా గుర్రుపెట్టే మనిషి.

"నువ్వు ఇంట్లో ఉంటే నాకు నిద్ర కరువైపోయిందే. గిన్నెల మీద పగబట్టినట్టు తోముతావు," అంటూ ఆయనే ఒకరోజు ఆమెను సైకిళ్ల కొట్టుకు తీసుకెళ్లాడు.

కొట్టాయన పట్నం నుంచి వచ్చేవాళ్లను తోటల్లో, కొండదారుల్లో సైకిళ్ల మీద తిప్పేవాడు. మట్టిదారుల కోసమే చేసిన సైకిళ్లవి. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. లావుపాటి టైర్లు కంకర మీద గరగరలాడతాయే గాని జారవు. వీటిని గ్రావెల్ బైకులంటారని కొట్టాయన చెప్పాడు. ఉత్తరాలమ్మ ఒకటెక్కి వీధి చివరిదాకా వెళ్లొచ్చి, "ఇదేదో నేను ఉద్యోగంలో ఉన్నప్పుడే కనిపెట్టి చావకూడదూ!" అంది. దారి చూపించే పనిలో ఆ రోజే చేరిపోయింది.

వచ్చినవాళ్లందరికీ బాగా నచ్చేది కేకల తాత తోట పక్క దారి. ఒకవైపు వరుసలు తీరిన ద్రాక్షతీగలు, రెండోవైపు ముళ్లపొదలతో నిటారుగా లేచిన కొండ. పండ్లు ముదిరే రోజుల్లో తాత పిట్టల్ని తోలుతూ వేసే కేకలు అవతలి తోటల దాకా వినపడేవి. అందుకే ఆయనకా పేరు. ఆమె ఉత్తరాలు పంచే రోజుల్లో, మనిషి కనపడకుండా తీగల్లోంచి గొంతొక్కటే వచ్చేది.

"హోయ్! ఏమ్మా ఉత్తరాలూ! నాకేమన్నా ఉందా?"

"నీకెవరు రాస్తారు తాతా, పిట్టలా?" అని ఈమె తొక్కుతూనే అరిచేది.

నిజంగానే ఆయనకెప్పుడూ ఉత్తరం రాలేదు. అయినా అడగడం మానలేదు. ఒక చలికాలం మంచం పట్టాడు, మళ్లీ లేవలేదు.

ఆ తర్వాతి కోతల ముందు ఆమె పట్నం వాళ్లను వెంటబెట్టుకుని ఆ మలుపు తిరిగిందో లేదో, "హోయ్! హోయ్!" అని కేక వినపడింది. అదే గొంతు. ఆమె గబుక్కున బ్రేకు నొక్కేసరికి వెనకవాళ్లు ఒకరి మీద ఒకరు పడబోయి ఆగారు. తాత కోడలు తోటలోంచి నవ్వుకుంటూ వచ్చింది.

"భయపడ్డావా అక్కా? మామయ్య బతికుండగానే మీ తమ్ముడు ఆయన కేకలు రికార్డు చేశాడు. పిట్టలు తుపాకీ చప్పుడుకి అలవాటు పడిపోయాయి. ఈ గొంతుకే ఇంకా బెదురుతున్నాయి."

మీ తమ్ముడంటే కోడలి భర్త. లారీ మీద ఊళ్లు తిరుగుతూ ఎప్పుడో గాని ఇంటి పట్టున ఉండడు. కోడలు తోట నడుమ ఇనప స్తంభానికి కట్టిన స్పీకరు చూపించింది. ఉత్తరాలమ్మకు ప్రాణం కుదుటపడింది. ఆ రోజు నుంచి ఆ మలుపు రాగానే అందరినీ ఆపి స్పీకరు కథ చెప్పి నవ్వించేది.

కోతలయ్యాయి. వానలు పట్టుకున్నాయి. ఒక ఉదయం, దారి కోసుకుపోయిందేమో చూసి రావడానికి ఆమె ఒంటరిగా బయల్దేరింది. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు చక్రం తప్ప ఇంకేం కనపడలేదు. టైర్ల కింద తడి కంకర నలిగే చప్పుడు ఒక్కటే. మలుపు దాటాక కేక వినపడింది.

"హోయ్!"

ఆమె నవ్వుకుంది. అంతలో, "ఏమ్మా ఉత్తరాలూ! నాకేమన్నా ఉందా?"

అది తోట వైపు నుంచి రాలేదు. కొండ వైపు నుంచి, ముళ్లపొదల పైనుంచి వచ్చింది. ఆమె వేగం పెంచింది. గొంతు ఆమెతో పాటే, పైన సమానంగా వచ్చింది. ఆమె ఆగితే ఆగింది. కొండ మీంచి చిన్నచిన్న రాళ్లు దొర్లుకుంటూ వచ్చి చక్రం దగ్గర పడ్డాయి.

ఎలా తొక్కిందో తెలియదు, తోట ఇంటి ముందు దిగబడింది. "ఆ స్పీకరు తీసెయ్ తల్లీ. నా గుండె ఆగిపోయేలా ఉంది," అంది.

కోడలు ఆమె మొహంలోకి అదోలా చూసింది. "కోతలవగానే దించేశాం అక్కా. అటక మీదుంది చూడు."

చూసింది. గోనెసంచిలో చుట్టి, దుమ్ము పట్టి ఉంది.

ఆ మర్నాటి నుంచి ఉత్తరాలమ్మ ఆ దారి వదిలేసింది. భర్తకు చెప్తే, "చెవిలో గుబిలి పేరుకుంటే దయ్యాలేం ఖర్మ, మా నాన్న కూడా మాట్లాడతాడు," అని ఆమెను వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన రెండు చెవుల్లోకీ లైటు వేసి చూసి, ఈ వయసులో ఇంత శుభ్రమైన చెవులు చూడలేదన్నాడు. భర్త దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. ఆమె నవ్వలేదు.

ఒక పొద్దున కోడలు రొట్టెలకని బట్టీకి వచ్చింది. బేరం అయ్యాక కూడా కదల్లేదు. ఉత్తరాలమ్మను పక్కకు పిలిచింది.

"అక్కా, నువ్వు విన్నావు కదూ?"

"నీకూ వినపడుతుందా?"

"రోజూ. పొయ్యి ఆర్పావా అమ్మాయ్ అంటాడు. ఆర్పాను మామయ్యా అంటాను. ఊరుకుంటాడు. నువ్వు కూడా ఏదో ఒకటి చెప్పెయ్. పలక్కపోతేనే వెంటపడతాడు."

కూరలో ఉప్పు సంగతి చెప్తున్నట్టు చెప్పిందామె. ఆ మాటతీరుకే ఉత్తరాలమ్మకు కొండంత ధైర్యం వచ్చింది. మర్నాడే వెళ్లింది. కేక రాగానే, "ఏం లేదు తాతా!" అంది. అంతే. కొండ నిశ్శబ్దమైపోయింది. జ్వరం దిగినట్టు ఒళ్లంతా తేలికపడింది.

అక్కడితో సరిపోతే బాగుండేది. రోజులు గడిచేకొద్దీ గొంతు ఇంకేవో అడగసాగింది. ఎటు నుంచి వస్తున్నావు, ఎవరెవరు కలిశారు, మోకాళ్లెలా ఉన్నాయి అని. ఈమె చెప్పేది. పట్నం వాళ్లు వెంట ఉంటే గొంతు వచ్చేది కాదు. అందుకని ఒంటరిగా వెళ్లడానికి సాకులు వెతుక్కోసాగింది. దారి చూసి రావాలనేది, టైరు పరీక్ష చేయాలనేది. ఇంట్లో ఉన్నా కిటికీలోంచి కొండ వైపే చూసేది. భయం పోయిందని సంబరపడిందే గాని, దాని స్థానంలో ఏదొచ్చి కూర్చుందో ఆలోచించలేదు.

మళ్లీ మంచు పట్టిన ఒక ఉదయం, "కాస్సేపు కూర్చోమ్మా," అంది గొంతు.

సైకిలు హ్యాండిలు వదలకుండానే దారి పక్కన రాయి మీద కూర్చుంది.

చెంప ఛెళ్లుమనడంతో కళ్లు తెరిచింది. ఎదురుగా కోడలు. "అక్కా! అక్కా! ఎంతసేపట్నుంచి ఉన్నావిక్కడ?"

"ఇప్పుడే కదా కూర్చున్నాను."

మంచు లేదు. పొద్దు పడమటికి వాలిపోయింది. ఆమె చీర తడిసి ఒంటికి అంటుకుపోయింది. వాన వచ్చి వెలిసిందని దారి గుంటల్లో నీళ్లు చెప్తున్నాయి. వాన పడ్డట్టే ఆమెకు తెలియదు. హ్యాండిలు పట్టుకున్న వేళ్లు కొయ్యబారిపోయి ఉంటే కోడలే ఒక్కొక్కటీ విడదీసింది.

తర్వాత కోడలు లేచి కొండ వైపు తిరిగింది. మామగారి ముందు ఎప్పుడూ ఎత్తని గొంతు ఎత్తింది.

"మామయ్యా! ఆవిడ పరాయి మనిషి! ఇంటి దగ్గర ఆవిడ కోసం చూసేవాళ్లున్నారు. వదిలెయ్!"

ఆ తర్వాత ముళ్లపొదల్లో రాళ్లు కదిలాయి. ఈసారి కిందికి దొర్లలేదు. ఎవరో కాళ్లీడ్చుకుంటూ ఎక్కుతున్నట్టు ఆ చప్పుడు పైకి, ఇంకా పైకి పోయి అణిగిపోయింది.

మలుపులో భర్త కనిపించాడు. చేతులకు పిండి అలాగే ఉంది. మధ్యాహ్నం నిద్ర మానుకుని ఊరంతా వెతికాడట. ఆ చప్పుడు ఆయనకూ వినపడిందో ఏమో, కొండ వైపు ఒకసారి తలెత్తి చూశాడు. ఒక చేత్తో సైకిలు, ఒక చేత్తో ఆమె భుజం పట్టుకుని నడిపించాడు.

వెళ్లేముందు ఉత్తరాలమ్మ కోడలి చెయ్యి వదల్లేదు. "నువ్వూ వచ్చెయ్ తల్లీ. మా ఇంట్లో ఉందువుగాని."

"నేను ఆ ఇంటి మనిషిని కదక్కా. నన్నేం చేస్తాడు?" అంది కోడలు. అనేసి, గబగబా తోటలోకి నడిచింది.

ఉత్తరాలమ్మ ఇప్పటికీ సైకిలు తొక్కుతుంది. పట్నం వాళ్లను వాగు గట్టు మీదుగా కింది తోటల్లో తిప్పుతుంది. కొండ పక్క దారి ఇంకా బాగుంటుందట కదా అని ఎవరైనా అడిగితే, అటు రాళ్లు పడుతుంటాయని చెప్తుంది. కోడలు మొన్నమొన్నటి దాకా రొట్టెలకు వచ్చేది. ఈమధ్య రావడం లేదు. ఉత్తరాలమ్మ భర్తే రొట్టెల సంచీ భుజాన వేసుకుని వెళ్లి గుమ్మంలో పెట్టి వస్తున్నాడు. లోపల ఆమె ఎవరితోనో మాట్లాడుతూ ఉంటుందని, తలుపు కొట్టినా పలకదని ఆయన ఒక్కసారే చెప్పాడు. ఉత్తరాలమ్మ రెండోసారి అడగలేదు.