కాగితం మీద నేను బాగానే ఉన్నాను

ఆ రోజు పొద్దున అమ్మ చేసిన బొరుగుల ఉగ్గాని నా నోటికి మట్టిలా తగిలింది. రెండు ముద్దలు తిని ప్లేటు పక్కన పెట్టేశాను. చిన్నప్పటి నుంచీ నేను ఉగ్గాని వదిలిపెట్టింది లేదు. అమ్మ భయపడింది.

మాది ధర్మవరం. నాయన మగ్గం నేసేవాడు. నేను పక్కన కూర్చుని పట్టు దారాన్ని కండెలకు చుట్టేదాన్ని. నాకు ఆటిజం ఉందని బెంగళూరులో డాక్టర్లు చెప్పేసరికి ఇరవై ఆరేళ్లు వచ్చాయి. ఆ తర్వాత కొంతకాలానికి నాయన గుండెపోటుతో పోయాడు. నేను ఏడవలేదు. చుట్టాలు నా గురించి ఏవేవో అనుకున్నారు.

నాయన పోయాక నాకు తిండి తగ్గి బరువు పడిపోవడంతో అనంతపురంలో ఒక ఆసుపత్రికి వెళ్లాం. బ్లడ్ టెస్టులు, స్కానింగ్, ఎండోస్కోపీ అన్నీ నార్మల్. సైకియాట్రీ ఓపీకి పంపారు. అక్కడ ఒక కాగితం ఇచ్చి, చదివి టిక్ పెట్టమన్నారు.

పనుల మీద ఆసక్తి తగ్గిందా అని ఉంది. నేను రోజూ వేరేవాళ్ల మగ్గాలకు కండెలు చుడుతూనే ఉన్నాను కాబట్టి లేదని పెట్టాను. దిగులుగా ఉంటోందా? దిగులంటే ఏడవడమని అనుకున్నాను, నాకు ఏడుపు రావడం లేదు. నిద్ర పట్టడం లేదా? నాకు ఎప్పుడూ అంతే, కొత్తగా మారిందేమీ లేదు కాబట్టి ఆ ఇబ్బంది లేదని పెట్టాను. చనిపోతే బాగుండునని అనిపించిందా అన్న ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగాను. నాయన లేని ఇంట్లో ఇక బతికి ఉండకూడదని అప్పటికే నిర్ణయించుకున్నాను. అయితే అందులో బాగుండేది ఏముంది? లేదని టిక్ పెట్టాను. నేను అబద్ధం ఆడలేదు.

"స్కోర్ చాలా తక్కువుంది. డిప్రెషన్ లేదమ్మా, ఆటిజంలో ఇలాగే ఉంటారు" అన్నాడు డాక్టర్.

"అట్ల కాదు సార్. నా బిడ్డ నాకు తెలుసు. దీనికేందో అయిండాది" అంది అమ్మ.

ఆయన స్కోర్ మళ్లీ చూపించి విటమిన్ మాత్రలు రాశాడు.

కొన్ని వారాల తర్వాత, అమ్మ అంగడికి పోయిన సమయంలో నేనేం చేశానో ఇక్కడ రాయను. పక్కింటివాళ్లు తలుపు పగలగొట్టారు. ఐసీయూలో కళ్లు తెరిచాను. లోపలికి రానిచ్చినప్పుడు అమ్మ నా కాళ్లు పట్టుకుని కూర్చుంది.

"నాకొక్క మాట చెప్పింటే ఏమయ్యేదమ్మా?" అంది.

"నన్నెవరూ ఆ మాట అడగల్యా" అన్నాను. ఉన్నది చెప్పాననే అనుకున్నాను. అమ్మ చాలాసేపు ఏడ్చింది.

వార్డుకు మార్చాక ఒక డాక్టర్ మేడమ్ అదే రకం కాగితం తెచ్చింది. టిక్ పెట్టనివ్వలేదు. ఒక్కో ప్రశ్న చదివి, నాకేం అర్థమైందో చెప్పమంది. చావు గురించిన చివరి ప్రశ్నకు నా జవాబు విని పెన్ను కింద పెట్టేసింది.

"మీ నాయన ఉన్నప్పుడు నీ రోజు ఎట్ల గడుస్తాండె? ఇప్పుడెట్ల గడుస్తాండాది?" అని అడిగింది.

అది నేను చెప్పగలిగాను. అప్పుడు ప్రతి రంగునూ వెలుతురులో పట్టి చూసి నాయనతో మాట్లాడేదాన్ని. ఇప్పుడు చేతికి ఏది తగిలితే అది చుడుతున్నాను, రంగు కూడా చూడటం లేదు. మేడమ్ అమ్మను కూడా విడిగా కూర్చోబెట్టుకుని అడిగింది. ఇది డిప్రెషనేనని, ఆ ప్రశ్నలు రాసినవాళ్లు నాలాంటి మనుషులను లెక్కలోకి తీసుకోలేదని చెప్పింది.

మందులు మొదట పడలేదు. వాంతులు, ఒంటి మీద బట్ట తగిలినా ఓర్చుకోలేనంత చిరాకు. నాకు నేనే మానేసి మళ్లీ ఆసుపత్రిలో చేరాను. డోస్ తగ్గించి నెమ్మదిగా పెంచుకుంటూ పోయారు.

ఇప్పుడు తింటున్నాను. కొద్దికొద్దిగా పని చేస్తున్నాను. అమ్మ మాత్రం నన్ను వదిలి ఎక్కడికీ పోదు. తనకల్లు ఊరిలో తన చెల్లెలి కూతురి పెళ్లికి కూడా పోలేదు. నేను స్నానం చేస్తుంటే బయట నిలబడి పేరు పెట్టి పిలుస్తుంది. పలకడం కాస్త ఆలస్యమైతే తలుపు బాదుతుంది. నాకు తగ్గినట్టు అమ్మకు ఎప్పుడు తగ్గుతుందో ఏ డాక్టరూ చెప్పలేదు.

నాలాంటివాళ్లకూ వాళ్ల ఇంటివాళ్లకూ ఒక్క మాట. అలాంటి కాగితం ఇచ్చినప్పుడు ఒక్కరే కూర్చుని నింపవద్దు. మిమ్మల్ని రోజూ చూసే మనిషిని వెంట తీసుకెళ్లి, మీలో ఏం మారిందో ఆ మనిషిని కూడా చెప్పనివ్వండి. ప్రతి ప్రశ్నా మీకేమని అర్థమైందో డాక్టర్‌కు మీ మాటల్లో చెప్పండి. చనిపోవాలన్న ఆలోచన ఉంటే, ప్రశ్న ఏ మాటల్లో ఉన్నా, అసలు ఎవరూ అడగకపోయినా, ఉందని చెప్పండి.