గరిడేపల్లి నిమ్మచెట్టు

1949. సూర్యాపేటలో వ్యవసాయ శాఖలో చిన్న నౌకరీ నాది. చుట్టుపక్కల ఊళ్లలో తోటలకు, పెరటి చెట్లకు తెగులు తగిలిందని కబురొస్తే వెళ్లి చూసి రావాలి. మనుషులకే దిక్కులేని రోజులవి. ఈ కాలంలో చెట్ల బాగోగులేమిటని నాకే విసుగ్గా ఉండేది.

ఆ వానాకాలంలో గరిడేపల్లి నుంచి సాయమ్మ అనే రైతు భార్య కబురు పెట్టింది. ఆమె పెరట్లో ఉన్నది ఒకే ఒక్క నిమ్మచెట్టు. ఆకులు పసుపురంగుకు తిరిగి రాలుతున్నాయి. కాండం మొదలు దగ్గర బెరడు పగిలి బంక కారుతోంది. అసలే నల్లరేగడి, పైన ముసురు. పాదు నిండా నిలిచిన నీళ్లలో కాండం నానుతోంది.

"ఇంత వానల గూడ నీళ్లు పోస్తున్నవా అమ్మా?" అన్నాను.

"పోస్తున్ననయ్యా. పొద్దుగాల బిందెడు, పొద్దూకంగ బిందెడు. మా ఆయన పెట్టిన సెట్టు. పోయినేడు ఎండాకాలం గడబిడల తుపాకులోళ్లొచ్చి ఆయన్ని పట్టుకపోయిన్రు. వాకిట్ల నిలబడి ఒక్కటే మాటన్నడు, 'నేనొచ్చేదాంక సెట్టుకు నీళ్లు మానకు' అని. ఒక్కనాడు మానలే."

మండే ఎండల్లో అతనన్నది సరైన మాటే. ఆమె దాన్ని వానల్లోనూ జవదాటలేదు.

మట్టి తవ్వి ఒక వేరు పట్టుకుని లాగితే పైతొక్క చేతికి ఊడొచ్చి, లోపల దారంలాంటి ఈనె మిగిలింది. కుళ్లు వాసన. దీన్నే మేం 'రూట్ రాట్' అంటాం, వేరుకుళ్లు. తడి ఆరని నేలలో వేళ్లకు ఊపిరాడదు. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు గనక ఆకు వడలుతుంది. ఎండుతోందనుకుని మనం ఇంకాస్త పోస్తాం. నేను చూసిన పెరటి చెట్లు చాలావరకు ఇలాగే పోయాయి.

నీళ్లు పోయేలా కాలువ తీశాను. మొదలు చుట్టూ మట్టి లాగేసి, కుళ్లిన బెరడు గీకి, 'బోర్డో పేస్ట్' పూశాను. అంటే మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద. "నేను మళ్లొచ్చేదాంక నీళ్లు పొయ్యకమ్మా" అన్నాను.

"ఆయన మాట తప్పినట్టయితది గదయ్యా."

"కొన్నాళ్లే. తర్వాత మళ్ల పోద్దువు."

ఆమె బిందె తీసుకెళ్లి గోడవారన బోర్లించింది.

దసరా వెళ్లాక పోయి చూస్తే చెట్టు నిలువునా ఎండిపోయి ఉంది. సాయమ్మ దాని పక్కనే కూర్చుని ఉంది.

"నీళ్లు పోసినన్ని దినాలు ఆకన్న ఉండె. నువ్వు మానమన్నవ్, సచ్చిపాయె. ఇగ ఆయన గూడ రాడు."

నా పనిని ఎవరన్నా మాటంటే నాకు పట్టరాని రోషం. చెట్టు నేను మొదటిసారి వచ్చేసరికే ముప్పాతిక చచ్చింది. ఒక వేరు పెకిలించి చూపిస్తే చాలు, చంపింది ఆ నీళ్లేనని తేలిపోతుంది. వంగి వేరు పట్టుకున్నాను కూడా. అప్పుడు ఆమె చేతులు కనబడ్డాయి, చేదతాడు ఒరిసి కాయలు కాచిన చేతులు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది.

వేరు వదిలేసి, "నాదే తప్పమ్మా, నీళ్లు మానమనకుండ ఉండాల్సింది" అన్నాను.

ఆమె నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. తలొంచుకుని అంతా విన్నాను.

తెగులును గుర్తుపట్టడం నాకు ఉద్యోగం నేర్పింది. గుర్తుపట్టిందల్లా చెప్పెయ్యకూడదని ఆ పెరట్లో నేర్చుకున్నాను. ఆమె భర్త తిరిగి రాలేదు. ఆ ఊరు వెళ్లినప్పుడల్లా సాయమ్మ నన్ను చూసి మొహం తిప్పుకునేది. నేను మాట్లాడకుండా నా దారిన పోయేవాణ్ణి.